నెట్టు వంతు, జుట్టు మొక్కు

నేను మట్టి కొలిచేవాణ్ణి. కాలువలు, పునాదులు, పైపులైన్ల కందకాలు తవ్వే కూలీ గుంపులు ఎంత మట్టి తీశాయో లెక్క కట్టి చెబుతాను. బడి ఏడో తరగతితో ఆగిపోయింది. పొడవును వెడల్పుతో, వచ్చినదాన్ని లోతుతో గుణించడం ఒక మేస్త్రీ వెంట టేపు పట్టుకుని తిరుగుతూ నేర్చుకున్నాను. వంకర గుంతల లెక్క మాత్రం నాకు నేనే కుదుర్చుకున్నాను. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, పెళ్లి విందులో అన్నం రాశి చూసినా అది ఎన్ని ఘనపుటడుగులో మనసులో దానంతటదే వచ్చేస్తుంది. "నీ ముంగట కూసోని తినాలంటే భయమైతది. బుక్కలు గూడ కొలుస్తవేమో" అంటుంది మా ఆవిడ.

ఇల్లు వనపర్తిలో. పని గద్వాల వైపు ఒకరోజు, నాగర్‌కర్నూల్ వైపు ఒకరోజు. బస్సు కోసమో, మేస్త్రీ ఫోను కోసమో ఎదురుచూస్తూ బస్టాండు వెనక మూతబడిన ధాన్యం గోదాము అరుగు మీద కూర్చునేవాణ్ణి. పైన రేకులు, ముందు వేపచెట్టు, ఎదురుగా టీ కొట్టు. నేను అక్కడ కూర్చునేవాణ్ణి. మరో ముగ్గురు అక్కడ ఉండేవాళ్లు. ఈ రెండిటికీ ఉన్న తేడా నాకు చాలాకాలం తట్టలేదు. నేను లేచి "ఇంటికి పోత" అంటే, వాళ్లు "మంచిది" అని నేను ఖాళీ చేసిన చోట కాళ్లు చాపుకునేవారు.

ముగ్గురిలో మొదటిది దువ్వెనల అక్క. అమరచింత మనిషి. ఆగిన బస్సుల్లో ఎక్కి దువ్వెనలు, పిన్నీసులు, అద్దాలు అమ్మేది. అద్దెగది పోయాక అరుగు మీదికి వచ్చింది. అందరికంటే గట్టి గొంతు ఆమెది. సిమ్ము ఉన్న ఫోను కూడా ఆమెదే.

రెండోవాడు వంటాయన. పెళ్లిళ్లలో వంట మాస్టర్ల కింద గిన్నెలు దించడం, ఉల్లిగడ్డలు కోయడం అతని పని. ముహూర్తాలు ఉన్ననాళ్లు కడుపు నిండేది, లేనినాళ్లు అరుగు మీద పడుకునేవాడు. అద్దం పగిలిన ఫోనొకటి ఉండేది అతని దగ్గర, సిమ్ము లేకుండా.

మూడోవాడు మామ. ఎవరికీ వరసకు మామ కాదు, అందరికీ మామే. ఖిల్లా ఘణపూర్ దిక్కు వాడు. ఒకప్పుడు పెద్ద మట్టి గుంపుకు ముందు నడిచిన మనిషి. ఆయన గుంపు తీసిన కందకాలు నేను కొలిచాను. అంచు దారం పట్టినట్టు ఉండేది, మూల పెట్టె మూలలా తేలేది. కొలిచేవాడికి అంతకంటే సుఖం లేదు.

ఒకసారి పైపులైను పనిలో కందకం గోడ కూలి మామ నడుము దాకా కూరుకుపోయాడు. తొడ ఎముక విరిగింది. దవాఖానలో పడుకుని, ఇక నడవడం కష్టమని విన్నప్పుడు గుట్ట మీది స్వామికి మొక్కుకున్నాడు: నా కాళ్ల మీద నేను లేస్తే, కత్తి తగలని జుట్టు, గడ్డం తెచ్చి నీ గుట్ట మీద ఇస్తాను, మెట్లన్నీ నడిచే ఎక్కుతాను. లేచాడు. కుంటుతూనే అయినా లేచాడు. అప్పటికి భార్య పోయింది, ఉన్న గుడిసె వానకు కూలింది, గుంపు చెదిరిపోయింది. జుట్టు మాత్రం పెరిగింది. రెండు జాతరలు ఏదో ఒక రోగంతో తప్పిపోయాయి. నేను చెబుతున్న కాలానికి గడ్డం బొడ్డు దాటింది, జుట్టు జడలు కట్టి వీపు మీద తాళ్లలా వేలాడేది.

"ఒక్క దువ్వెన కొను మామా, పుణ్యముంటది" అనేది అక్క రోజూ.

"నీ దువ్వెన గీ అడివిల పడితే మల్ల దొర్కదు. నష్టపోతవు" అనేవాడు మామ.

ఇల్లు లేని మనిషికి ఫోను ఎందుకని నాతో చాలామంది అన్నారు. ఆ మాట ఒకసారి అక్కతో అన్నాను. "ఇల్లున్నోళ్లకెందుకన్నా మరి?" అంది. ఇంట్లో ఉండే మా ఆవిడ చేతిలోని ఫోను గుర్తొచ్చింది. అక్క తన పేరున ఫేస్‌బుక్ ఖాతా తెరిచినప్పుడు, ఉండేది ఎక్కడ అని అడిగితే "వనపర్తి బస్టాండు ఎనక" అని ఉన్నదున్నట్టు రాయించింది. ఆమెకు చాలామంది స్నేహితులయ్యారు. చాలామంది కండక్టర్లు.

తగువంతా నెట్టు దగ్గర వచ్చేది. అక్క ఫోనుకు రోజుకు ఇంత అని నెట్టు వచ్చేది. ఆమె హాట్‌స్పాట్ పెట్టి వంటాయనకు ఇచ్చి, చేతి ఫోను టీ కొట్టులో చార్జింగుకు వదిలి బస్సులెక్కేది. వంటాయన వంటల వీడియోలు మొదలుపెట్టేవాడు. పొద్దున తిన్నాడో లేదో తెలియదు గానీ, తెర మీద ఎవరో బిర్యానీ మూత తీస్తుంటే ఇతను గుటకలు మింగేవాడు. "ఉల్లిగడ్డ మాడగొట్టిండు, పాడుగాను" అని తిట్టేవాడు. మధ్యాహ్నానికి నెట్టు అయిపోయేది. అక్క తిరిగొచ్చి ఫోను తీస్తే చక్రం గిర్రున తిరిగేది, అంతే.

"ఓరి నీ బిర్యానీల మన్నువడ! ఫోను నాది, నెట్టు నాది, నాకు సుక్క మిగలకుంట తాగితివి గదరా!"

"నేనేం తాగిన అక్కా? చూసిన, గంతే. కడుపుల చెయ్యి పెట్టి చూడు, ఏమన్న ఉన్నదేమో."

మామ వంతు అసలు వచ్చేదే కాదు. ఆయన అడిగేది కూడా పెద్దదేమీ కాదు. మట్టి తవ్వే జేసీబీల వీడియోలు. తమ గుంపుల పని పోవడానికి ఆ మిషన్లే కారణమని ఆయనకు తెలుసు. తెలిసే చూసేవాడు. "అగో, మూల ఎట్ల ఇడిచిపెట్టిండో చూడు సారూ! నా గుంపులోడైతే మాపటికి బువ్వ పెట్టకపోదును" అని మురిసిపోయేవాడు.

ఒకరోజు తగువు ముదిరి అక్క దువ్వెనల పెట్టె ఎత్తేదాకా పోయింది. నేను మధ్యలో దూరాను. ఒకే బోరు కింద ముగ్గురు అన్నదమ్ములు పొలం పారించుకుంటే ఎలా పారించుకుంటారు? వంతు. కరెంటు ఉన్నంతసేపూ ఇవాళ ఎగువ మడి ముందు, చివరి మడి వెనక. రేపు చివరి మడి ముందు. బోరు వేయించినవాడికి రోజూ కొంత ఎక్కువ. ఈ పద్ధతి చెప్పగానే మామ లేచి కూర్చున్నాడు.

"గట్ల చెప్పు! గింత సేపు ఇది ఏందో అనుకున్న. ఇది బోరే!"

అప్పటి నుంచి అరుగు మీద తగువు లేదు. అక్క ఫోను బోరు అయింది, హాట్‌స్పాట్ పెట్టడం తూము తెరవడం అయింది. వంటాయన తన వంతు దాటి చూస్తుంటే మామ కర్రతో తట్టి "ఒడ్డు తెగింది, కట్టెయ్" అనేవాడు.

ఆ రోజుల్లోనే వీడియో తమ్ముడు వచ్చాడు. నాగర్‌కర్నూల్ వైపు కుర్రాడు. రోడ్ల మీద ఉండేవాళ్లను పట్టుకుని, క్షౌరం చేయించి, స్నానం చేయించి, కొత్త బట్టలు తొడిగి, ముందు ఇలా తర్వాత ఇలా అని చూపించే చానల్ అతనిది. మా ముగ్గురూ అతని వీడియోలు వంతులు కలుపుకుని మరీ చూసేవారు. అందుకని అతను బకెట్టు, సబ్బు, కత్తెర, బిర్యానీ పొట్లాలతో దిగగానే అరుగు మీద పండగ వాతావరణం వచ్చింది.

వంటాయన అందరికంటే ముందు వెళ్లి నిలబడ్డాడు. "నన్ను చెయ్యి తమ్మీ."

తమ్ముడు అతని నెత్తి చూశాడు. వంటాయనకు బట్టతల. "నీకు ఏం చేస్తనే? తేడా కనపడొద్దా? నాకు ముందు బాగ ఖరాబుండాలె" అన్నాడు. తర్వాత అతని చూపు స్తంభానికి ఆనుకున్న మామ మీద పడింది. ఆ చూపు నాకు తెలుసు. తవ్వని నల్లరేగడి నేల చూసిన కాంట్రాక్టరు అలాగే చూస్తాడు.

"తాతా, రా. నిన్ను మంచిగ చేస్త."

"నేను చెడిపోయిన్నని నీకెవలు చెప్పిండ్రు బిడ్డా?"

"గట్ల కాదు తాతా. గీ జుట్టు, గీ గడ్డం తీసేస్తే ఎంత అందంగుంటవో తెల్సా? లక్షల మంది చూస్తరు."

"లక్షల మందిని పెండ్లి చేస్కోవాల్నా నేను? మొక్కు జుట్టు ఇది. జాతరకు గుట్ట మీద ఇస్త. అప్పటిదాంక ఎవని చెయ్యి తగలొద్దు."

తమ్ముడు మంచివాడే. బలవంతం చేయలేదు. బిర్యానీ పొట్లాలు ముగ్గురికీ ఇచ్చాడు. నాకూ ఒకటి ఇవ్వబోయాడు. నాకు ఇల్లుందని చెబితే నా బట్టలు ఒకసారి చూసి "నిజమా అంకుల్?" అన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు.

కానీ వెళ్తూ వెళ్తూ రోడ్డు అవతల నుంచి మామను వీడియో తీశాడు. ఆ వీడియో మామ వంతులోనే మాకు కనబడింది. వెనక ఏడుపు సంగీతం, ముందు మామ ముఖం. "ఈ తాతను మార్చాలని మేం ఎంతో ప్రయత్నించాం. ఆయన మనసు సహకరించడం లేదు. మీలో ఎవరైనా ఈ తాతకు కొత్త జీవితం ఇవ్వగలరా?"

మొక్కు మాట ఎక్కడా లేదు.

"మనసు సహకరిస్త లేదంటే ఏంది సారూ?" అని మామ నన్ను అడిగాడు.

నేను నసిగాను. అక్క నసగలేదు. "పిచ్చోడని మామా."

మామ ఆ వీడియో మళ్లీ పెట్టించుకుని చూశాడు. తర్వాత "నా ముక్కు గంత పెద్దగుంటదా?" అన్నాడు.

కొత్త జీవితాలు మర్నాటి నుంచే రావడం మొదలైంది. గద్వాల నుంచి ఒక వ్యానులో క్షురకుడితో సహా వచ్చారు. ఒక పెద్దావిడ పరిశుభ్రత గురించి చాలాసేపు మాట్లాడి సబ్బులు ఇచ్చి వెళ్లింది. మొక్కు అని మామ చెబితే "అట్లాగే అంటారు పాపం" అని ఒకరి ముఖాలొకరు చూసుకునేవారు. మనసు బాగాలేదని ముందే విన్న మనిషి ఏం చెప్పినా అది మనసు బాగాలేని మాటే అవుతుంది. వచ్చిన ప్రతివాళ్లూ అంగీ ఇచ్చి, అంగీతో ఫొటో దిగి వెళ్లేవారు. ఒక సాయంత్రం ఆ కుప్పను చూపుతో కొలిచాను. నాలుగడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. పదిహేను ఘనపుటడుగుల అంగీలు. మామ నిలువునా పడుకుంటే కప్పి పూడ్చడానికి సరిపోతాయి. ఒక్క చెద్దరు మాత్రం ఎవరూ తేలేదు. చెద్దరు ఫొటోలో బాగా రాదనుకుంటాను.

ఒక మధ్యాహ్నం మామ కునికిపాట్లు పడుతుంటే ఎవరో పుణ్యాత్ముడు చప్పుడు కాకుండా వచ్చి ఒక జడ పట్టుకుని కత్తెర తెరిచాడు. అక్క బస్సు దిగి వస్తూ చూసింది. ఆమె కేకకు బస్టాండులో కదలబోయిన బస్సు కూడా ఆగింది. కత్తెర ఆసామి పరుగెత్తాడు, దువ్వెనలు అతని వెంట పరుగెత్తాయి. జడకు ఏమీ కాలేదు. కానీ మామ ఆ రోజు నుంచి నిద్రపోవడం మానేశాడు. కూర్చుని, జుట్టంతా ఒళ్లోకి తీసుకుని, కోడిపిల్లల్ని కాసినట్టు కాసేవాడు.

"ఒక్క పోగు పోయినా మొక్కు చెడిపోతది సారూ. కాలు అప్పుడే గుంజుతున్నది. మల్ల పడిపోతే నన్ను లేపెటోడు లేడు. జాతర దాంక కాపాడుకుంటే సాలు" అన్నాడు నాతో. అంతవరకూ ఆయన నోట భయం మాట నేను వినలేదు. కూలిన కందకం సంగతి కూడా నవ్వుతూనే చెప్పేవాడు.

ఉపాయం అక్కే చెప్పింది. "వాడు ఫోన్ల చెప్పిండు. మనం గూడ ఫోన్లనే చెప్దాం. లైవ్ పెడ్త. మామ కూసోని చెప్తడు, లోకమంత వింటది."

"మామ చెప్తె పుట్టిన కాడికెల్లి మొదలు పెడ్తడు. ఒకరోజు నెట్టు యాడ సాలుతది?" అన్నాడు వంటాయన. నిజమే. లైవ్ నెట్టును ఎంత తాగుతుందో టీ కొట్టు దగ్గర అడిగి తెలుసుకున్నాను. మామ మాట వేగంతో గుణించి చూశాను. చాలదు.

"అయితే కుంట లెక్క నింపుదాం" అన్నాడు వంటాయన. "జాతర ముందటి దాంక ఎవలం చూడొద్దు. దినాం వచ్చేది దినాం జమ చేద్దాం. ఒక్కసారే తూము తెరుద్దాం."

మామ సరే అన్నాడు. అక్క సరే అంది. రోజు నెట్టును రోజులతో గుణించి, లైవ్‌కు చాలినంతా పోగా ఇంకా మిగులుతుందని నేనూ తేల్చి చెప్పాను. గుణకారంలో తప్పు లేదు, ఇప్పుడు చేసినా అంతే వస్తుంది.

ముగ్గురూ నెట్టు ఉపవాసం పట్టారు. వంటాయనకు మరీ కష్టమైంది. టీ కొట్టు గోడ మీద రాసిన ఇడ్లీ, వడ, మిర్చి బజ్జీ అనే అక్షరాలను వీడియో చూసినట్టు చూస్తూ కూర్చునేవాడు. కొత్త జీవితాల వాళ్లు వస్తూనే ఉన్నారు. అక్క, వంటాయన వంతులేసుకుని మామకు కాపలా ఉన్నారు. వాళ్లకు అలవాటైన పద్ధతే.

లైవ్ రోజు వచ్చింది. సాయంత్రం ఎండ తగ్గాక పెడదామనుకున్నాం. పొద్దున నేను నాగర్‌కర్నూల్ వైపు ఒక చేపల గుంత కొలిచి, తిరుగు బస్సులో దిగేసరికి వంటాయన గోడవైపు తిరిగి పడుకుని నిండు మేక కాల్చే వీడియో చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నవయ్యా?"

"కుంటల బొచ్చెడున్నది గదన్నా. పొద్దున్నుంచి ఒక్క కాలువంత తీసిన, గంతే."

నేనూ అడ్డు చెప్పలేదు. నా లెక్క ప్రకారం అతనికి రెండు మేకలు చూసే వెసులుబాటు ఉంది.

అక్క ఫోనును సబ్బుల కుప్పకు ఆనించి నిలబెట్టింది. ఆ కుప్ప పనికొచ్చింది ఆ ఒక్కరోజే. మామ అంగీ గుండీలు పెట్టుకున్నాడు. తెర మీద చూసేవాళ్ల అంకె పెరుగుతుంటే అక్క దాన్ని పైకే చదివింది. మామ పంచాయతీలో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు.

"అందరికీ దండాలు. ఖిల్లా ఘణపూర్ దిక్కు మాది. మా నాయన..."

"నాయనను ఇడిచిపెట్టు మామా, కాలు కాడికి రా" అంది అక్క పక్క నుంచి.

కాలు దగ్గరికి వచ్చాడు. కందకం కూలడం, కింద నుంచి ఆకాశం బారెడంత కనబడటం, దవాఖాన, మొక్కు, అన్నీ చెప్పాడు. నేనప్పటిదాకా వినని సంగతులు కూడా చెప్పాడు. కింద రాసే మాటలు అక్క చదివి చెబుతూ ఉంది: "పాపం అంటుండ్రు మామా. అయ్యో అంటుండ్రు. ఒకాయన ఉప్పునుంతల నుంచి దండం పెట్టిండు." మామకు ఊపొచ్చింది. కర్ర నేలకు కొట్టి అన్నాడు:

"ఇగ చివరి మాట. ఎవలకన్న నా జుట్టు కత్తిరియ్యాల్నని ఉంటే, జాతరనాడు గుట్ట కాడికి రాండ్రి!"

ఊపిరి తీసుకున్నాడు. మళ్లీ అందుకున్నాడు.

"వచ్చి దూరం నిలవడి సూడుండ్రి. దేవుని కాడ క్షౌరం చేసెటాయన చేస్తడు, మీరు దండం పెట్టుకోని పోండ్రి. కత్తెర పట్టుకోని నా దగ్గరకొస్తే మాత్రం గీ కర్ర మీ నెత్తిన వడ్తది. నేను పిచ్చోణ్ణి కాదు. నా మనసు మంచిగనే సహకరిస్తున్నది..."

చాలా బాగా మాట్లాడాడు. ఆ భాగం మేం ముగ్గురం మాత్రమే విన్నాం. ఊపిరి తీసుకున్న చోటే తెర మీద చక్రం తిరగడం మొదలైందని అక్క ఆలస్యంగా చూసింది.

ఫోను పట్టుకుని అందరం రీచార్జి కొట్టుకు పోయాం. కొట్టు నడిపే ఆవిడ మా సంగతంతా విని, నవ్వు ఆపుకోలేక గల్లాపెట్టె మీద వాలిపోయింది. "దినాం వచ్చింది దినామే ఖతం. మిగిలితే రేపటికి రాదు. ఇది కుంట కాదు తల్లీ, నల్లా. వచ్చినప్పుడు పట్టుకోవాలె."

"మరి మిగిలింది యాడికి పోతది?" అన్నాడు వంటాయన.

"నాకేం ఎరుక?"

"యాడికి పోతది? దిగువకు ఎవలో పారిచ్చుకుంటుండ్రు" అన్నాడు మామ.

దీని మీద నేను చాలా ఆలోచించాను. ఇన్నాళ్లు ఇంతమంది వాడకుండా వదిలిన నెట్టంతా ఎక్కడో పారుతూ ఉండాలి కదా. ఇప్పటికీ నాకు తేలలేదు.

లోకానికి అందింది ఒక్కటే మాట: కత్తిరించాలనుకున్నవాళ్లు గుట్టకు రండి. వీడియో తమ్ముడు ఆ ముక్కను కోసి తన చానల్లో పెట్టాడు. "తాత మనసు మారింది!" అని పైన రాశాడు. మొక్కు మాట ఈసారి కూడా మిగల్లేదు.

జాతరనాడు మేం బస్సు దిగేసరికి మెట్ల మొదట్లో గుంపు కనబడింది. తమ్ముడు మామ బొమ్మతో ఒక ఫ్లెక్సీ కట్టించాడు. చుట్టూ జనం, చేతుల్లో కత్తెరలు. దర్జీల కత్తెరలు, కాగితాలు కోసే కత్తెరలు. ఒకాయన గొర్రెల బొచ్చు తీసే పెద్ద కత్తెర పట్టుకుని గొప్ప ఉత్సాహంగా ఉన్నాడు. పుణ్యం తలా ఒక పోగు పంచుకుందామని వచ్చారు పాపం.

మామ బస్సు వెనక్కి జరిగాడు. "వాపస్ పోదాం. ఈ యేడు గూడ కాలేదనుకుంట" అన్నాడు.

"ఏం వాపస్? ఇట్ల కూసో" అంది అక్క.

పిన్నీసుల అట్ట తీసింది. జడలన్నీ చుట్టి నెత్తిన పెట్టి, పైన వంటాయన రుమాలు తలపాగా కట్టి, చుట్టూ పిన్నీసులు గుచ్చింది. గడ్డాన్ని కింది నుంచి పైకి చుట్టి, తువ్వాలు గదమ కింది నుంచి నెత్తిదాకా బిగించి ముడివేసింది. పంటి నొప్పి మనిషి తయారయ్యాడు. బుగ్గలు రెండూ వాచినట్టు ఉబ్బాయి. లోపల రెండు దోసిళ్ల గడ్డం ఉంది, ఉబ్బక ఏమవుతుంది?

"మాట్లాడకు. మూలుగు" అంది అక్క.

"ఊఁ" అన్నాడు మామ.

గుంపులోకి నడిచాం. ఒక ముసలమ్మ ఆపి "అయ్యో, పన్నా? గీ లవంగం పెట్టుకో" అని ఇచ్చింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మామ జేబులో వేసుకున్నాడు. మెట్ల దగ్గర కదలడానికి సందు లేదు. అప్పుడు వీడియో తమ్ముడు మమ్మల్ని చూశాడు. కానీ అతని కళ్లు పొడుగు గడ్డం కోసమే వెతుకుతున్నాయి, మా ముఖాల మీద నిలవలేదు. అతను మామ వాచిన బుగ్గల వైపు చూసి, జనాన్ని రెండు చేతులతో పక్కకు తోశాడు.

"జర జరగుండ్రి! పెద్దమనిషికి పాణం బాగలేదు, తొవ్వియ్యుండ్రి!"

కత్తెరల మధ్య నుంచి దారి తెరుచుకుంది. మామ మూలుగుతూ మొదటి మెట్టు ఎక్కాడు.

మెట్లన్నీ నడిచే ఎక్కాడు. మధ్యలో కూర్చున్నాడు, లేచాడు. పట్టుకోనివ్వలేదు. పైన తలనీలాలు తీసేచోట అక్క తువ్వాలు ముడి విప్పగానే గడ్డం కిందికి దబ్బున జారింది. క్షురకుడు వెనక్కి జరిగి, తేరిపార చూసి, "నిన్ను ఫోన్ల చూసిన" అన్నాడు.

"కిందున్నోళ్లకు చెప్తవా?" అన్నాడు మామ.

"చెప్తె ఆళ్లంత పైకొస్తరు. నాకు ఇప్పటికే శాన నెత్తులున్నయి. వంచు."

పిన్నీసులు తీయడానికే చాలాసేపు పట్టింది. ఆ తర్వాత కత్తి పడుతూ పోయింది. రాలిన జుట్టు కుప్పను నేను ఆరోజు కొలవలేదు. మామ ముఖమే చూస్తూ ఉండిపోయాను. ఇన్నేళ్ల మనిషికి చిన్న గదమ ఉందని, దానికి సొట్ట ఉందని అప్పుడే తెలిసింది. నున్నటి గుండుకు గంధం పూయించుకుని, రాలిన జుట్టుకు తనే దండం పెట్టి లేచాడు. కుడికాలు ఒకసారి నేలకేసి తొక్కి చూసుకున్నాడు. ఇంకోసారి తొక్కాడు. "ఉన్నది" అన్నాడు.

దిగేటప్పుడు బొరుగులు కొనుక్కుని తింటూ దిగాం. కింద గుంపు పలచబడింది. వీడియో తమ్ముడు చెమటలు కక్కుతూ ఎదురొచ్చాడు. అక్కను గానీ నన్ను గానీ గమనించే స్థితిలో లేడు. నేరుగా మామనే అడిగాడు.

"తాతా, గడ్డం పెద్దమనిషి కనబడ్డడా? గీ పొడుగు గడ్డం."

మామ బొరుగులు నమిలి మింగాడు. "గాయినెనా? పైకి పోయిండు. నువ్వు పైకి పో, తెలుస్తది."

తమ్ముడు రెండేసి మెట్ల చొప్పున పరుగెత్తాడు.

"పాపం మామా, అంతదూరం..." అంది అక్క.

"వాని కాళ్లు మంచిగున్నయి. ఎక్కనియ్యి" అని మామ బస్సు వచ్చేదాకా కింది మెట్టు మీదే కూర్చుని మిగిలిన బొరుగులు తిన్నాడు.

మర్నాడు అరుగు మీద మామ వంతు ముందు. జేసీబీ వద్దన్నాడు. తమ్ముడి చానల్ పెట్టమన్నాడు. కొత్త వీడియో ఉంది: "గడ్డం తాత మాయం! ఎక్కడున్నా చెప్పండి." తమ్ముడు గుట్ట దిగొచ్చి మెట్ల మొదట్లో నిలబడి కన్నీళ్లతో మాట్లాడుతున్నాడు. అతని భుజం వెనక మసకగా ఒక గుండు ఆసామి మెట్టు మీద కూర్చుని బొరుగులు తింటున్నాడు.

"అగో, నేనే!" అని మామ లేచి నిలబడ్డాడు. "ఎనక చూడు, నేనే! మల్ల పెట్టు, మల్ల పెట్టు."

అక్క మళ్లీ పెట్టింది. మళ్లీ పెట్టింది. మూడోసారి పెట్టమనేసరికి వంటాయన కర్ర తీసి తట్టాడు.

"ఒడ్డు తెగింది మామా, కట్టెయ్. నీ వంతైపోయింది."